ఆలస్య రుసుము లేని పనులు: కష్టకాలంలో దేన్ని ఆపాలి, ఎలా ఆపాలి

నేను విజయవాడలో చిన్న వ్యాపారుల జీఎస్టీ, ఆదాయపు పన్ను లెక్కలు చూస్తాను. ప్రతి నెలా 11వ తేదీకి అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 రిటర్ను, 20వ తేదీకి లెక్క తేల్చి పన్ను కట్టే జీఎస్టీఆర్-3బి రిటర్ను, సెప్టెంబరు వస్తే పన్ను ఆడిట్ నివేదికలు. మా ఇంటి క్యాలెండర్‌లో పండగలకంటే గడువు తేదీలకే ఎక్కువ ఎర్ర గుర్తులు ఉంటాయి. అలాంటి మనిషి పనులు ఆపమని రాయడం వింతగా అనిపించవచ్చు. కానీ రోజూ గడువులతో కూర్చునేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుస్తుంది: గడువు ముంచుకొస్తోందని మనం పరుగెత్తే పనుల్లో చాలావాటికి అసలు గడువే లేదు. మామూలు రోజుల్లో ఈ తేడా తెలియకపోయినా గడిచిపోతుంది. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, ఇల్లు నీట మునిగినప్పుడు మాత్రం ఈ తేడా తెలిసి తీరాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా పాయకాపురం వీధుల్లోకి వచ్చింది. ఆ వాగుకు బెజవాడ దుఃఖదాయిని అని పేరు. 2005లోనూ ఇళ్లను ముంచింది. దాని మళ్లింపు కాలువ నీరు కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పోయింది, బ్యారేజీ కట్టాక అంత వరద నమోదు కాలేదు. నది అంత నిండుగా ఉంటే వాగు నీరు ఎటు పోతుంది? గట్లకు గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. సింగ్‌నగర్, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, మా వైపు అంతా రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. అత్తయ్య మందుల సంచి, నా ల్యాప్‌టాప్, చేతికందిన బట్టలు పట్టుకుని మేము పడవలో బయటపడి కానూరులోని మా అక్క ఇంటికి చేరాం.

అక్కడికి చేరామో లేదో ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, ఎలాగూ ఇంట్లోనే ఉన్నారు కదా, మా రిటర్ను చూసేయండి." "అబ్బాయికి కాలేజీ లేదు కదా, ఈ సమయంలో కూర్చోబెట్టి చదివించు తల్లీ." సంక్షోభంలోనే అవకాశం ఉందని, ఖాళీ సమయంలో కొత్త విద్య నేర్చుకోమని వాట్సాప్‌లో సందేశాలు. పంపినవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ నిలువ నీడ కోసం బంధువుల ఇంటికి వెళ్లిన మనిషి దగ్గర ఉన్నది ఖాళీ సమయం కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది, ఎందుకంటే ఆ కష్టంలో ఉన్న మనిషే ముందు దాన్ని మరిచిపోతుంది. పక్కవాళ్లు అననక్కర లేదు, రాత్రి పడుకోగానే "ఈ రోజంతా ఏం చేశాను" అని లోపలి నుంచే ఒక గొంతు అడుగుతుంది.

ఆ గొంతుకు ధైర్యం చెప్పే మాటలు వినిపిస్తే సరిపోదు. లెక్క చూపించాలి. నేను నా వాళ్లకు, నా దగ్గరికి వచ్చే వ్యాపారులకు చెప్పిన పద్ధతి ఇది.

కాగితం మీద మూడు వరసలు

ఒక కాగితం తీసుకోండి. ఫోనులో వద్దు, ఫోను తీయగానే ఇంకో పది పనులు మీద పడతాయి. మనసులో తిరుగుతున్న ప్రతి పనినీ, చిన్నదా పెద్దదా చూడకుండా రాసేయండి. తర్వాత ఒక్కోదాని పక్కన ఒక ప్రశ్న వేయండి: ఇది చేయకపోతే ఎవరు, ఎప్పుడు, ఎంత వసూలు చేస్తారు? జవాబును బట్టి పనులు మూడు వరసల్లోకి వెళతాయి.

మొదటి వరసలోకి ఈ రోజు తప్పితే మళ్లీ చేయలేని పనులు వస్తాయి. ఇవి చాలా తక్కువ ఉంటాయి, పైగా మనకు తట్టేవి కావు. సింగ్‌నగర్‌లో కిరాణా దుకాణం నడిపే ఒకాయన నీళ్లు తగ్గి షట్టర్ ఎత్తిన రోజే నాకు ఫోను చేసి, "అమ్మా, ఈ నెల రిటర్ను ఎప్పుడు వేద్దాం?" అని అడిగారు. గొంతు వణుకుతోంది. రిటర్ను సంగతి తర్వాత చూద్దామన్నాను. ముందు తడిసిన సబ్బుల పెట్టెలు, నూనె డబ్బాలు, బిస్కెట్ల అట్టపెట్టెలు ఎక్కడివక్కడ ఉండగానే ఫోటోలు తీయమన్నాను. ఏ సరుకు ఎన్ని పెట్టెలు పాడైందో ఒక పుస్తకంలో రాయించమన్నాను. ఆ తర్వాతే చెత్త ట్రాక్టరులోకి ఎత్తాలి. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం పాడైపోయిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) ఉండదు, అంతకుముందు తీసుకున్నది వెనక్కి కట్టాలి. బీమా ఉంటే వాళ్లూ అదే జాబితా అడుగుతారు. సరుకు ట్రాక్టరు ఎక్కిపోయాక ఆ లెక్క ఎవరూ తీయలేరు. రిటర్ను మాత్రం వారం తర్వాత కూడా వేయవచ్చు. ఆయన కంగారు అంతా వారం ఆగగలిగే పని మీద ఉంది, గంటలో మాయమయ్యే పని ఆయన మనసులోనే లేదు.

ఇళ్లలోనూ అంతే. మునిగిన ఇంటికి కింది అంతస్తయితే 25 వేల రూపాయలు, పై అంతస్తులకు 10 వేలు ప్రభుత్వం సాయం ప్రకటించింది. నష్టం రాసుకునే సిబ్బంది వచ్చే వేళకు ఇంటి దగ్గర ఒక మనిషి ఉండాలి. అది మొదటి వరస. అత్తయ్య రక్తపోటు మాత్రలు అయిపోతే తెచ్చుకోవడం మొదటి వరస. తడిసిన ఇంట్లో ఎలక్ట్రీషియన్ చూడకుండా ఎవరూ స్విచ్చి వేయకుండా చూసుకోవడం మొదటి వరసలోనూ మొదటిది. ఆసుపత్రి కష్టమైతే ఈ వరసలోకి డిశ్చార్జి కాగితాలు, బీమా కంపెనీకి సమయానికి చెప్పడం, డాక్టరు గారు వచ్చే వేళకు దగ్గర ఉండడం వస్తాయి. ఇవి తప్ప ఆ రోజు ఇంకేమీ చేయకపోయినా ఆ రోజు పూర్తి అయినట్టే.

రెండో వరసలో ఆలస్యం చేస్తే ఖరీదు ఉండే పనులు. ఇక్కడ నా వృత్తి నాకు ఎంతో సాయపడింది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

జీఎస్టీఆర్-3బి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు రుసుము. కట్టవలసిన పన్ను ఏమీ లేకపోతే రోజుకు 20. పన్ను డబ్బు ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. నెలకు 6 వేల రూపాయల పన్ను కట్టే దుకాణం పది రోజులు ఆలస్యం చేసిందనుకోండి. రుసుము 500, వడ్డీ సుమారు 30. మొత్తం 530 రూపాయలు. ఈ అంకె కాగితం మీద కనిపించగానే చాలామంది ముఖం మారిపోవడం చూశాను. అప్పటిదాకా ఆ ఆలస్యం పేరు చెబితే వాళ్లకు జైలో, దుకాణం మూతో కళ్ల ముందు ఆడేది. 530 రూపాయలని తెలిశాక, ఆ పది రోజుల్లో ఇల్లు కడుక్కుని పిల్లలకు ఇంత వండి పెట్టుకోవడం ఎక్కువా, ఆ డబ్బు ఎక్కువా అని వాళ్లే తేల్చుకున్నారు. కొందరు వెంటనే వేసేద్దామన్నారు, కొందరు రుసుము కట్టేస్తామన్నారు. రెండూ సరైన నిర్ణయాలే. తెలిసి రుసుము కట్టడం నిర్లక్ష్యం కిందికి రాదు.

ఇంకో సంగతి. ఏడాదికి కోటిన్నర వరకు టర్నోవర్ ఉన్న వ్యాపారికి ఒక 3బి రిటర్ను మీద ఆలస్య రుసుము ఎంత ఆలస్యమైనా 2 వేల రూపాయలు దాటకూడదని నియమం ఉంది. పన్ను వసూలు చేసే చట్టమే ఇక్కడితో చాలని ఒక గీత గీసింది. మనల్ని మనం తిట్టుకోవడానికీ అలాంటి గీత ఒకటి ఉండాలని నేను నమ్ముతాను. గడువులు కూడా రాతిలో చెక్కినవి కావు. ఆ ఏడాది ఆడిట్ నివేదికల గడువు సెప్టెంబరు 30 అని మా రంగంలో అందరం నిద్రలు మానుకుంటుంటే, చివరికి దాన్ని అక్టోబరు 7కు మార్చారు.

అయితే ఒక రకం పనుల విషయంలో జాగ్రత్త కావాలి. మన ఆలస్యం ఇంకొకరి జేబు మీద పడే పనులు. మీరు హోల్‌సేల్ వ్యాపారి అయి జీఎస్టీఆర్-1 వేయకపోతే, మీ దగ్గర కొన్న చిన్న దుకాణదారుకు ఆ నెల క్రెడిట్ కనిపించదు. రుసుము చిన్నదే, నష్టం మీది కాదు. అలాంటివాటిని రెండో వరసలో పైన రాయండి. పనివాళ్ల జీతాలూ అక్కడే. వరదలో మీ ఇల్లు మునిగితే మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె ఇల్లు అంతకంటే ముందే మునిగి ఉంటుంది. ఆమె రాని రోజులకు జీతం కోయకండి. ఈ మాట రాయడం కోసమైనా ఈ వ్యాసం రాయాలనిపించింది.

కరెంటు బిల్లు, ఇంటి రుణం వాయిదా, పిల్లల పరీక్ష ఫీజు, ఉద్యోగ దరఖాస్తు చివరి తేదీ, వీటన్నిటికీ ఇలాగే పక్కన ఖరీదు రాయండి. రుణం వాయిదా తప్పితే క్రెడిట్ స్కోరు మీద పడుతుంది, కాబట్టి బ్యాంకుకు ముందే వెళ్లి మాట్లాడడం మేలు. దరఖాస్తు చివరి తేదీ దాటితే రుసుముతో పోదు, అది మొదటి వరసలోకి మారుతుంది.

ఇక మూడో వరస. ఎవరూ ఏమీ వసూలు చేయని పనులు. అలమరలు సర్దడం, రోజుకు పది వేల అడుగులు నడవడం, సగంలో ఆగిన ఆన్‌లైన్ కోర్సు, ఫోన్లు చేయలేదని అలిగిన చుట్టాలకు ఫోన్లు, వ్యాపారం పెంచడానికి రాసుకున్న ప్రణాళిక, ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకోవడం. కాగితం నింపి చూస్తే అన్నిటికంటే పొడుగ్గా ఉండేది ఈ వరసే. రాత్రి నిద్ర పట్టనివ్వనివి కూడా ఎక్కువగా ఇవే. ఈ వరస చుట్టూ పెన్నుతో ఒక గీత గీసి, పక్కన ఒక తేదీ వేయండి. ఆ తేదీ వరకు వీటి గురించి ఆలోచించడం మీ బాధ్యత కాదు. తేదీ దూరంగా వేయండి. రేపటి తేదీ వేస్తే గీత గీసి ప్రయోజనం లేదు.

ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. మా అత్తయ్యకు పూజ అంటే ప్రాణం. 21 రకాల పత్రి, ఉండ్రాళ్లు, కుడుములు, పాలవెల్లి లేకుండా చవితి ఏమిటని ఆవిడ బాధ. ఆవిడను కూర్చోబెట్టి అక్క ఒకటే అడిగింది: "అత్తయ్యా, స్వామికి మన ఇల్లు ఎక్కడుందో తెలుసు కదా, ఎలా ఉందో తెలియదా?" ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గరిక నాలుగు పోచలు తెమ్మంది. దీపం పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, కథ చదివి అక్షతలు వేసుకున్నాం. పండగ మూడో వరసలోకి వస్తుందా అని ఎవరైనా అడిగితే, భక్తి రాదు, 21 రకాలు వస్తాయి అంటాను.

ఆ రోజుల్లో బుర్ర ఎందుకు సాగదు

ఒత్తిడిలో ఉన్న మనిషి సోమరి కాదని చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఆధారం మన పక్క రాష్ట్రం నుంచే ఉంది. తమిళనాడులో చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. చెరకు డబ్బు ఏడాదికి ఒకసారే చేతికి వస్తుంది. కోతకు ముందు చేతిలో పైసా ఆడదు, కోత తర్వాత ఊపిరి పీల్చుకుంటారు. అదే రైతుకు కోతకు ముందూ, తర్వాతా ఆలోచనకు సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోతకు ముందు ఫలితాలు స్పష్టంగా తక్కువగా వచ్చాయి. మనిషి అతనే, తెలివి అదే. డబ్బు దిగులు మెదడులో కొంత చోటు ఆక్రమించుకోవడంతో మిగతా ఆలోచనకు చోటు తగ్గిందని పరిశోధకులు వివరించారు.

దీన్నుంచి నేను తీసుకున్న ఆచరణ సూత్రాలు కొన్ని ఉన్నాయి. కష్టం నడుస్తున్నప్పుడు అంకెల పని ఒంటరిగా పూర్తి చేయవద్దు. మీరు వేసిన మొత్తాన్ని ఇంకొకరు ఒకసారి కూడి చూడాలి. మా దగ్గర పనిచేసే అమ్మాయి, నేను ఆ నెలంతా ఒకరి పని ఒకరు సరిచూసుకున్నాకే ఫైలు చేశాం. రాత్రి తొమ్మిది దాటాక డబ్బు పంపడం, సంతకాలు పెట్టడం మానేయండి. ఇల్లు మారాలా, దుకాణం అమ్మేయాలా, ఉద్యోగం వదిలేయాలా వంటి పెద్ద ప్రశ్నలను మూడో వరస పక్కన రాసి ఉంచండి. మందుల వేళలు, ఫోను చేయవలసిన నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి. గుర్తుపెట్టుకోవడం కూడా పనే కాబట్టి ఆ పని గోడకు అప్పగించాలి.

అలాంటి రోజుల్లో చేతులతో చేసే పని బాగా సాగుతుంది. నీళ్లు తగ్గాక ఫైర్ ఇంజన్లు వచ్చి మా వీధిలో ఇళ్ల బురద కడిగాయి. ఆ తర్వాత మేము గిన్నెలు, గరిటెలు, కుర్చీలు తోముకుంటూ కూర్చున్నప్పుడు ఎంతో తేలిగ్గా అనిపించింది. లెడ్జరు ముందు కూర్చుంటే అరగంటలో కళ్లు తిరిగేవి. మీకూ ఏ పని తేలిగ్గా సాగుతుందో అదే చేయండి, ముఖ్యమైన పని వదిలి గిన్నెలు తోముతున్నానని నొచ్చుకోకండి.

ఎవరికి ఏమని చెప్పాలి

కాదని చెప్పలేకపోవడం మనలో చాలామందికి ఉన్న ఇబ్బంది. చెప్పాలనుకున్నప్పుడు మన కష్టం మొత్తం వివరించి, అవతలివాళ్లు ఒప్పుకుంటారేమోనని ఎదురు చూస్తాం. అలా వివరిస్తే బేరం మొదలవుతుంది. "అయ్యో పాపం, అయినా ఒక్క గంట పనే కదా" అంటారు. కాబట్టి చెప్పేది తేదీ మాత్రమే కావాలి.

నేను నా ఖాతాదారులందరికీ ఒకే సందేశం పంపాను: "నమస్కారం అండీ. మా ఇల్లు వరదలో ఉంది. ఈ నెల మీ జీఎస్టీ రిటర్నులు మాత్రం చూస్తాను. మిగతా పనులు అక్టోబరు 15 తర్వాత. ఆ రోజు నేనే ఫోను చేస్తాను." అంతకంటే ఒక్క వాక్యం కూడా ఎక్కువ రాయలేదు. చివరి వాక్యం చాలా ముఖ్యం. మనమే ఫోను చేస్తామంటే వాళ్లు మధ్యలో గుర్తుచేయరు, మనకు ఫోను మోగినప్పుడల్లా గుండె దడ ఉండదు.

ఉద్యోగం చేసేవాళ్లు పై అధికారికి నోటితో చెప్పే బదులు రాసి పంపడం మంచిది. "సార్, నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారు. నా దగ్గర ఐదు పనులు ఉన్నాయి. ఈ వారం రెండు చేయగలను. ఏ రెండు కావాలో చెప్పండి." నిర్ణయం వారి చేతికి వెళుతుంది, లెక్క కాగితం మీద ఉంటుంది. సెలవు ఉంటే వాడుకోండి. కష్టం కోసం దాచిన సెలవును కష్టంలో వాడకుండా ఇంకెప్పటికో దాచేవాళ్లను చూసి నాకు బాధ కలుగుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా చెప్పలేం. మా చిన్న మావయ్య రోజూ ఫోను చేసి అబ్బాయి చదువు గురించి అడిగేవారు. ఆయనతో, "మావయ్యా, మీరు ఒక సాయం చేయండి. వాడి కెమిస్ట్రీ పుస్తకాలు తడిసిపోయాయి, ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లలో దొరుకుతాయేమో చూసి పెడతారా?" అన్నాను. మర్నాడు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. దిగులుపడే పెద్దవాళ్లు సలహా ఇవ్వడం మానరు, వాళ్లకు చేతికి ఒక పని కావాలి. ఆ పని మనమే అడిగి ఇస్తే సలహా తగ్గుతుంది, మన బరువూ కొంత తగ్గుతుంది.

ఆగడానికి వీలులేనివాళ్ల మాట కూడా చెప్పాలి. రోజు కూలీకి, ఆటో నడిపేవాళ్లకు, తోపుడు బండి మీద కూరలు అమ్ముకునేవాళ్లకు పని ఆగితే పొయ్యి ఆగుతుంది. వాళ్లకు నేను పని తగ్గించుకోమని చెప్పలేను. కానీ వాళ్ల ఇళ్లలోనూ మూడో వరస ఉంటుంది. పగలంతా బండి తోసి వచ్చిన ఆమె రాత్రి చుట్టాల మాట పడకూడదని ఇల్లంతా అలికి, మూడు కూరలు వండనవసరం లేదు. అన్నం, పచ్చిపులుసు చాలు.

పిల్లల చదువు

మా అబ్బాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. జనవరిలో జేఈఈ మెయిన్స్. ఈ రాష్ట్రంలో ఆ వయసు పిల్లవాడికి ఒక్క రోజు వృథా అయిందంటే ఇంటిల్లిపాదీ కుమిలిపోతారు. వాడు మాత్రం నాన్నతో కలిసి బురద ఎత్తి, సాయంత్రానికి గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. లేపి చదువుకోమనలేదు. ఇంటికి తిరిగి వచ్చి కరెంటు నిలకడగా వచ్చాక ఒక్క సబ్జెక్టుతో, వాడికి ఇష్టమైన లెక్కలతో మొదలుపెట్టాడు. కష్టమైన ఫిజిక్స్ చివరికి తెచ్చుకున్నాడు. పోయిన రోజులను ఆదివారాలు కోసి పూడ్చుకుందామని కాలేజీ నుంచి ప్రతిపాదన వస్తే, కొన్ని ఆదివారాలు వాడికి వదిలేయమని నేను వెళ్లి అడిగాను. తల్లిదండ్రులు ఈ మాట అడగవచ్చు. అడగాలి కూడా.

2020 లాక్‌డౌన్‌లో పిల్లలకు న్యూటన్ కథ చెప్పేవాళ్లు: ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూసేస్తే ఆయన ఇంటికి వెళ్లి గొప్ప ఆవిష్కరణలు చేశాడు, నువ్వేం చేశావు అని. 1665లో న్యూటన్‌కు ఇరవై రెండేళ్లు. పెళ్లి కాలేదు, సంపాదించవలసిన అవసరం లేదు, వెళ్లింది పల్లెటూరిలోని సొంత ఇంటికి. ఆ ఇంట్లో వంట చేసిందెవరో, బట్టలు ఉతికిందెవరో ఆ కథలో ఉండదు. ఆయన ప్రతిభను తగ్గించడం లేదు. ఆ కథను దిగులులో ఉన్న పిల్లవాడి మీదికి విసరకూడదు.

విశ్రాంతికి లక్ష్యాలు వద్దు

పని ఆపమనగానే చాలామంది ఆ ఖాళీని ఇంకో పట్టికతో నింపుతారు. ఉదయం ఐదింటికి ధ్యానం, ఆరింటికి ప్రాణాయామం, రాత్రి డైరీ. ఇవన్నీ మంచివే, అలవాటు ఉన్నవాళ్లు కొనసాగించవచ్చు. కష్టం నడుమ కొత్తగా మొదలుపెడితే మాత్రం తప్పిన ప్రతి రోజూ ఇంకో అపరాధం అవుతుంది. కూర్చోండి. పడుకోండి. పాత పాటలు పెట్టుకోండి. పక్కింటావిడతో గుమ్మంలో మాట్లాడండి. దాని వల్ల ఏం లాభం అని అడగవద్దు.

ఆడవాళ్ల విషయంలో విశ్రాంతి దానంతట అది రాదు, పంచి ఇవ్వాలి. రెండు కుటుంబాలు ఒక ఇంట్లో చేరితే మగవాళ్లు టీవీ ముందు కూర్చుని వరద వార్తలు చూస్తారు, ఆడవాళ్లు పది మందికి వండుతారు. మా అక్క రెండో రోజే నిర్ణయించేసింది: పూటకు ఒక పప్పు, ఒక మజ్జిగ, అంతే. ఎవరి కంచం వాళ్లే కడగాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వంటగది తలుపు మూసి ఉంటుంది, టీ కావాలన్నవాళ్లు వీధి చివర కొట్టుకు వెళ్లాలి. మొదట బావగారు ఆశ్చర్యపోయారు. తర్వాత ఆయనే ఫ్లాస్కు పట్టుకుని అందరికీ టీ తేవడం మొదలుపెట్టారు.

వార్తల సంగతి కూడా. ప్రవాహం ఎంత, గండి ఎంత అని గంట గంటకూ చూడడం సమాచారం కోసమేనని అనిపిస్తుంది. ఇంటి పెద్ద ఒకరు ఉదయం, సాయంత్రం చూసి మిగతావాళ్లకు చెబితే సరిపోతుంది.

రెండు మూడు వారాలు గడిచినా నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలని అనిపించకపోవడం ఉంటే అది ఈ కాగితం వరసలతో తీరేది కాదు. 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అని 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే చేయండి.

తిరిగి పనిలోకి వచ్చేటప్పుడు

మళ్లీ బల్ల ముందు కూర్చున్న రోజు పేరుకుపోయిన పని అంతా ఒకేసారి తీర్చేయాలనిపిస్తుంది. అక్కడే మనిషి మళ్లీ కూలిపోతుంది. నేను ఇలా చేశాను, మీకు కుదిరితే మీరూ ఇలా చేయండి. ఉదయం మొదటి గంటన్నర ఆ నెల పనికి, అంటే మామూలుగా జరగవలసినదానికి. తర్వాత ఒక్క పాత బాకీ పని. అది తీరాక ఆ రోజుకు పాత పనుల ఫైలు మూసేయాలి, సమయం మిగిలినా సరే. పాత పనుల్లో ముందు ఇంకొకరి డబ్బు ఆగి ఉన్నవి తీసుకోండి, తర్వాత రుసుము పెరుగుతున్నవి, రుసుము గరిష్ఠానికి చేరి ఇక పెరగనివి చివర.

మూడో వరస పక్కన వేసిన తేదీ వచ్చినప్పుడు ఆ కాగితం తీసి చదవండి. కొన్ని పనులు చూస్తే అసలు ఎందుకు రాశానా అనిపిస్తుంది, వాటిని కొట్టేయండి. కొన్నింటిని ఇప్పుడు చేయాలని నిజంగా ఉంటుంది, వాటిలో ఒకటి ఎంచుకోండి. మిగతావాటికి ఇంకో తేదీ వేసి కాగితాన్ని మళ్లీ క్యాలెండర్ వెనక పెట్టేయండి.